"బాగానే ఉన్నా" అనడం ముందు మానెయ్

మొన్న మా మెట్ల దగ్గర ఒక అబ్బాయి కనిపించాడు. ఈ దేశానికి వచ్చి మూడు వారాలట. ఫోన్‌లో "అంతా బాగుందమ్మా, తిన్నా, ఉంటా మరి" అని గబగబా చెప్పి పెట్టేశాడు. పెట్టేసి ఆ మెట్టు మీదే కూలబడ్డాడు. స్క్రీన్ ఆరిపోయినా దాని వైపే చూస్తున్నాడు. నాకు మనసు కలుక్కుమంది. మొదటి నాలుగు నెలలూ నేను చేసింది అదే.

నువ్వూ అలా కొత్తగా పరాయి దేశం వచ్చి ఉంటే, బ్యాంకు, సిమ్, ఇల్లు, వాటి సంగతి ఎవరో ఒకరు చెప్తారు. నేను చెప్పేది ఒకటే. నువ్వు నిజంగా ఎలా ఉన్నావో తెలిసిన మనిషి ఒక్కరైనా ఉండాలి.

అమ్మానాన్న కంగారుపడతారని దాచావు, సరే. అక్కకో, పాత ఫ్రెండ్‌కో చెప్పడానికేం? అందరికీ చెప్పమనట్లేదు, గ్రూపులో అసలే పెట్టొద్దు. మాటలు మోయని మనిషిని చూసుకుని చెప్పు. నేను ఎవరికీ చెప్పలేదు. రాత్రి రెండింటికి గుండె దడదడలాడుతుంటే ఒక ఫ్రెండ్‌కి "ఏరా, ఖాళీయేనా" అని టైప్ చేసి, చెరిపేసి, మళ్ళీ టైప్ చేసి, చివరికి ఒక నవ్వు బొమ్మ పంపి పడుకునేవాణ్ణి. నేను హాయిగా ఉన్నాననే వాడు అనుకున్నాడు. అనుకోడా మరి?

అందుకే మెసేజ్‌లతో సరిపెట్టొద్దంటాను. టెన్షన్ పెట్టే పరీక్ష తర్వాత కొందరు ఆడపిల్లల్ని వాళ్ళ అమ్మలతో మాట్లాడించి, మరికొందరితో చాటింగ్ చేయించి, అమెరికాలో విస్కాన్సిన్ పరిశోధకులు 2012లో ఫలితాలు ప్రచురించారు. అమ్మ గొంతు విన్నవాళ్ళలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తగ్గింది. చాటింగ్ చేసినవాళ్ళలో మాత్రం అసలెవరితోనూ మాట్లాడనివాళ్ళలో ఉన్నంత ఉంది. గొంతు వినాలి తమ్ముడూ, నీ గొంతు వినిపించాలి.

అక్కడ అర్ధరాత్రి అయి ఉంటుందని ఆగిపోతావు, నాకు తెలుసు. కాస్త కుదురుగా ఉన్న రోజునే అడిగి పెట్టుకో: "ఏ టైమ్‌లో చేసినా ఎత్తుతావా?" ఎత్తాక "సలహా వద్దు, పది నిమిషాలు విను చాలు" అను. అంతకంటే ఉపోద్ఘాతం అక్కర్లేదు.

వచ్చినచోట కూడా ఒకరుండాలి. రెండు వారాలకే ఎవరూ దగ్గరవలేదని దిగులుపడకు. మామూలు స్నేహానికే దాదాపు 50 గంటలు కలిసి గడపాలని, దగ్గరి స్నేహానికి 200 గంటలు దాటుతుందని 2018లో ఒక అధ్యయనం చెప్పింది. వారాల తరబడి నిద్ర పట్టకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళు. బతకాలని లేదనిపిస్తే మాత్రం నిమిషం కూడా ఒంటరిగా ఉండొద్దు. పక్క గది తలుపు కొట్టు, నువ్వున్న దేశపు ఎమర్జెన్సీ నంబర్‌కు ఫోన్ చెయ్యి.

తగ్గుతుందా అంటే, తగ్గుతుంది. నాకు ఐదో నెలలో తగ్గడం మొదలైంది, అదీ నోరు తెరిచాకే.

ఆ రోజు ఆ అబ్బాయి పక్కన కూర్చున్నా. చాలాసేపటికి వాళ్ళ అక్కకు చేశాడు. ఆవిడ ఎత్తగానే "అక్కా, నాకేం బాగాలేదు" అన్నాడు. నేను లేచి లోపలికి వచ్చేశాను.