జీపీఎస్‌తో ఫ్రీక్వెన్సీ కొలత – 4వ పాఠం: సున్నాలు చూసి మురిసిపోకండి

పోయిన పాఠం చివర, మీ జీపీఎస్‌డీఓ (జీపీఎస్ ఉపగ్రహాల టైముతో తన లోపలి క్రిస్టల్‌ని సరిదిద్దుకునే పెట్టె) ఇచ్చే 10 మెగాహెర్ట్జ్‌ని కౌంటర్‌తో, అంటే సెకనుకి ఎన్ని అలలో లెక్కపెట్టే పరికరంతో, కొలిచి పంపమన్నాను. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి నుంచి లెక్కలొచ్చాయి. దాదాపు అన్నీ ఒకటే: 10,000,000.000 హెర్ట్జ్. ఒకాయనైతే "అంకె కదలడమే లేదండీ, ఇంతకన్నా ఏం కావాలి?" అని రాశారు.

కదలదండీ. ఎందుకు కదులుతుంది? కౌంటర్ వెనక ఎక్స్‌టర్నల్ రిఫరెన్స్‌కి, అంటే కౌంటర్ తన టైముకి ఆధారంగా తీసుకునే ఇన్‌పుట్‌కి, ఆ జీపీఎస్‌డీఓనే తగిలించారు, ముందు ఇన్‌పుట్‌కీ దాన్నే తగిలించారు. సంతలో తూకం రాయిని అదే రాయితో తూచి, సరిగ్గా ఉందన్నట్టుంది. జీపీఎస్‌డీఓ లోపలి క్రిస్టల్ 5 హెర్ట్జ్ ఎక్కువ కొట్టినా, కౌంటర్ గేటు (అలలు లెక్కపెట్టే సమయం) అదే నిష్పత్తిలో కుదించుకుపోతుంది. లెక్క మళ్లీ కోటే. యాంటెనా పీకేసి చూడండి, అప్పుడూ సున్నాలే వస్తాయి.

ఈ తప్పుకి ఇంకా వేషాలున్నాయి. ఒక జీపీఎస్‌డీఓ అవుట్‌పుట్‌ని చీల్చి, కౌంటర్‌కీ సిగ్నల్ జనరేటర్‌కీ రిఫరెన్స్‌గా ఇచ్చి, జనరేటర్‌ని కౌంటర్‌తో కొలవడం: ఇదీ అదే. రెండు జీపీఎస్‌డీఓలని ఒకే యాంటెనాకి తగిలించి పోల్చడం కొంత నయం, క్రిస్టళ్ల తేడా కనిపిస్తుంది. కానీ యాంటెనా చోటు వల్ల వచ్చే తప్పు రెండింటికీ ఒకటే కాబట్టి పోలికలో మాయమైపోతుంది.

జయపురం నుంచి ఒకరు మొహమాటపడుతూ 10,000,003.2 అని పంపారు. పనికొచ్చిన లెక్క అదొక్కటే. వారు ఎక్స్‌టర్నల్ రిఫరెన్స్ పెట్టలేదు. ఆ 3.2 హెర్ట్జ్ జీపీఎస్‌డీఓది కాదు, కౌంటర్ సొంత క్రిస్టల్‌ది. అది కోటికి 3.2 వంతులు నెమ్మదిగా నడుస్తోంది, గేటు ఎక్కువసేపు తెరుచుకుంటోంది, అందుకే లెక్క పెరిగింది. ఆయన తెలియకుండానే తన కౌంటర్‌ని క్యాలిబ్రేట్ చేశారు, అంటే అది ఎంత తప్పో కనిపెట్టారు. ఈ పాఠం మొత్తం అదే: వేరేదానితో పోలిస్తేనే అది కొలత.

 యాంటెనా కేబుల్ పొడవు గురించి అడిగినవారికి: మీటరుకి సుమారు 5 నానోసెకన్ల ఆలస్యం. టైముకి అది లెక్కే, ఫ్రీక్వెన్సీకి కాదు; ఆలస్యం మారకుండా ఉంటే చాలు. మన వైపు కొండలు ఆకాశాన్ని తినేస్తాయి, రేకుల కప్పు సిగ్నల్‌ని తిప్పికొడుతుంది. యాంటెనా రేకులకి పైన, నలువైపులా తెరపిగా ఉండాలి.

లాక్ లైటు వెలిగితే పనైపోయిందనుకోకండి. క్రిస్టల్‌ని ఉపగ్రహ టైముకి కట్టే లూప్ పట్టుకుందని మాత్రమే అది చెబుతుంది. రిసీవర్ సెకనుకొకటి ఇచ్చే పల్సు 10 నానోసెకన్లు అటూ ఇటూ ఊగిందనుకుందాం. ఒక సెకనులో చూస్తే అది 10 కోట్లలో 1 వంతు తప్పు. 1000 సెకన్లకి పది వేల కోట్లలో 1. రోజంతా చూస్తే దాదాపు 10 లక్షల కోట్లలో 1. కొద్ది సెకన్లకి మంచిది క్రిస్టల్, రోజుకి మంచిది ఉపగ్రహం. అందుకే ఎంతసేపు సగటు తీశారో చెప్పకుండా ఇచ్చిన అంకెకి నా దగ్గర విలువ లేదు.

పన్నెండు అంకెల కౌంటర్ కొనమని నేను చెప్పను. అలని తెర మీద చూపే రెండు ఛానళ్ల ఆసిలోస్కోప్ చాలు. ట్రిగ్గర్ (తెర మీద అలని నిలబెట్టేది) జీపీఎస్‌డీఓ మీద, రెండో ఛానల్‌లో మీరు పరీక్షించే 10 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్. దాని అల ఎడమకి జారితే ఫ్రీక్వెన్సీ ఎక్కువ, కుడికి జారితే తక్కువ. ఒక పూర్తి అల, అంటే 100 నానోసెకన్లు, జారడానికి 100 సెకన్లు పట్టిందా? తేడా వంద కోట్లలో 1, అంటే 0.01 హెర్ట్జ్. పది సెకన్లే పట్టిందా? 0.1 హెర్ట్జ్. 10 గిగాహెర్ట్జ్ పనికి, అంటే వెయ్యి రెట్ల ఫ్రీక్వెన్సీకి, ఆ రెండోదాన్ని వాడితే 100 హెర్ట్జ్ పక్కకి పోతారు.

ఇక ట్రేసబిలిటీ, అంటే మీ కొలతని గొలుసులా అసలు ప్రమాణం దాకా కలిపి చూపించగలగడం. ప్రపంచమంతటికీ ప్రామాణికమైన టైము యూటీసీ. దాన్లో అప్పుడప్పుడు కలిపే లీపు సెకన్లు పక్కన పెడితే, జీపీఎస్ టైముని అమెరికా నావల్ అబ్జర్వేటరీ నడిపే యూటీసీకి దగ్గరగా నడుపుతారు. పారిస్ దగ్గర సెవ్ర్‌లోని బీఐపీఎం (అంతర్జాతీయ తూనికలు, కొలతల సంస్థ) నెలనెలా సర్క్యులర్ టీ అనే నివేదిక ప్రకటిస్తుంది. మన ఢిల్లీ ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) గడియారానికి యూటీసీతో తేడా ఎంతో అందులోనే ఉంటుంది. గొలుసు అక్కడిదాకా సిద్ధంగానే ఉంది. చివరి లంకె మీది: మీ పరికరం, మీ తేదీలు, మీ అనిశ్చితి అంకె (తప్పు ఎంతవరకు ఉండొచ్చో), అన్నీ కాగితం మీద. "జీపీఎస్‌కి లాక్ అయింది" అని రాస్తే ట్రేసబిలిటీ అనిపించుకోదు. ఆ కాగితాలున్నా బయటివాళ్లకి గుర్తింపు ముద్ర ఉన్న సర్టిఫికెట్ ఇవ్వలేరు. దానికి ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు కావాలి.

అభ్యాసం: ఒక విడి క్రిస్టల్ ఆసిలేటర్‌ని పైన చెప్పినట్టు స్కోప్‌కి పెట్టి, ఒక పగలూ రాత్రీ గంటకోసారి జారుడు కొలవండి. ప్రతి లెక్క పక్కన గది వేడి, లాక్ స్థితి రాయండి. రాత్రి లెక్కలు ఊహించి రాస్తే నాకు తెలిసిపోతుంది, క్రిస్టల్ అంత బుద్ధిగా ఉండదు. మధ్యలో కరెంటు పోతే క్రిస్టల్‌ని ఒకే వేడిలో ఉంచే ఓవెన్ చల్లారుతుంది. వచ్చాక కుదురుకోవడానికి గంటలు పడుతుంది. ఆ గంటల లెక్కలు కొట్టేయకండి, నాకు ముందు అవే పంపండి.