తెల్లని పూతతో మీ డాబా ఎంత చల్లబడిందో కొలవడం ఎలా

మధ్యాహ్నమంతా ఎండకు కాగిన స్లాబు ఆ వేడిని పొద్దుగూకిన తర్వాత కూడా కింది గదిలోకి వదులుతూనే ఉంటుందని పై అంతస్తులో కాపురమున్నవారికి ఒకరు చెప్పనవసరం లేదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల పరిశోధకులు హైదరాబాద్ నగరంలోని వాణిజ్య భవనాలపై చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, నల్లటి పైకప్పుకు తెల్లని పూత వేస్తే చదరపు మీటరుకు ఏటా 20 నుంచి 22 యూనిట్ల విద్యుత్తు ఆదా అయింది. పూత లేని కాంక్రీటు కప్పు విషయంలో ఆ ఆదా 13, 14 యూనిట్లు ఉండవచ్చని వారు అంచనా వేశారు. అయితే అవన్నీ ఏసీలు నడిచే భవనాలు. ఫ్యాను కింద పడుకునే ఇంటికి ఆ లెక్క నేరుగా అతకదు కనుక, ఎవరి డాబాను వారు కొలుచుకోవడమే మేలు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పూత వేసిన మర్నాడే జల్లు పడి ఊరంతా చల్లబడితే, ఆ ఘనత పూత ఖాతాలో పడిపోతుంది. అందుకే డాబా మొత్తానికీ ఒకేసారి పూత వేయకుండా, ఒక గది పైభాగాన్ని మరుసటి ఏడాది కొలతల దాకా అలాగే వదిలేయాలి. పూతకు ముందు ఒక వారం పాటు రెండు గదుల్లోనూ సీలింగు అడుగుభాగపు వేడిని ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి తొమ్మిదింటికి పుస్తకంలో రాసుకోవాలి. వేసిన తర్వాత కూడా అదే వేళలకు, అదే చోట కొలవాలి. మొదటి వారంలో పూత వేయబోయే గది రెండో గది కంటే అర డిగ్రీ చల్లగా ఉండి, పూత తర్వాత దానికంటే రెండున్నర డిగ్రీలు చల్లగా ఉంటే, పూత చేసిన మేలు రెండు డిగ్రీలే.

దూరం నుంచి చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు సరిపోతుంది. సీలింగు మీద పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి, ప్రతిసారీ దాని మీదికే గురిపెట్టండి. మెరిసే లోహపు వస్తువులపై ఈ పరికరం తప్పుడు అంకె చూపుతుంది. కొలిచే రోజుల్లో రెండు గదుల కిటికీలు, ఫ్యాన్లు ఒకేలా ఉంచాలి. నా దృష్టిలో రాత్రి తొమ్మిది గంటల అంకెను మించిన సాక్ష్యం లేదు, ఎందుకంటే నిద్ర పట్టేదీ పట్టనిదీ అప్పుడే తేలుతుంది.

పూత పని తేలికే: పాచి గీకి, పగుళ్ళు పూడ్చి, డాబా కడిగి ఆరనిచ్చి, సున్నమో, ఎండను వెనక్కి పంపే కూల్ రూఫ్ పెయింటో రెండు పూతలు వేయాలి.

దుమ్ము పేరుకున్నకొద్దీ తెలుపు మాసి, ఎండను వెనక్కి పంపే శక్తి తగ్గుతుంది. కనుక మరుసటి మార్చిలో డాబా కడగక ముందు కొన్నాళ్ళు, కడిగాక కొన్నాళ్ళు, పూత లేని గదితో పోల్చుతూ మళ్ళీ కొలవండి. నీళ్ళతో కడిగితే చాలునో, కొత్త పూత తప్పదో ఆ అంకెలే చెబుతాయి.