వామనగుంటల పీట మీద మూస్ లెక్క

పోయిన జూన్‌లో మా మనవరాలు అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ నుంచి గుంటూరు వచ్చింది. వచ్చిన రెండో రోజు అన్నం తింటూ అడిగింది: "అమ్మమ్మా, మా ఫ్రెండ్ వాళ్ల నాన్నకి మూస్ లాటరీ తగిలింది. మూస్‌లు తగ్గిపోతున్నాయని మా టీచర్ చెప్పింది కదా, మరి చంపడానికి పర్మిషన్ ఎందుకిస్తారు?"

లాటరీ తగలడం అంటే చీటీలో పేరు వచ్చి, ఒక మూస్‌ని వేటాడే అనుమతి దొరకడం. ఆ అనుమతినే ట్యాగ్ అంటారు. ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పాను. ఇలాంటిది నోటితో చెబితే సగమే ఎక్కుతుందని నాకు తెలుసు. అటక మీంచి మా అమ్మ ఇచ్చిన వామనగుంటల పీట దించాను. బ్రాడీపేటలో మా సందు పిల్లలు కూడా చేరారు, వారం రోజులు ఆడాం. మీ ఇంట్లో పదేళ్లు దాటిన పిల్లలుంటే మీరూ చేయించండి.

ముందు ఆ జంతువు గురించి రెండు మాటలు చెప్పండి. మూస్ అంటే జింకల కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది. పెద్ద మగది 500 కిలోలు దాటుతుంది, భుజం దగ్గరే ఆరడుగులుంటుంది. చలిదేశపు ప్రాణి. శీతాకాలపు బొచ్చుతో ఉన్నప్పుడు చలి సున్నాకి 5 డిగ్రీల దిగువ నుంచి కాస్త తగ్గినా దానికి ఉక్కపోతే. ఈ ముక్క గుంటూరు ఎండలో చెబితే పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది.

కావలసినవి: చింతగింజలు 100, గుప్పెడు శనగలు, ఆవాలు, ఒక చేట, కాసిని వేపాకులు, రెండు గవ్వలు, పీట. గింజల్లో 60 తీసి రెండు వైపులా తెల్లబడేదాకా గచ్చు మీద అరగదీయించండి. ఇవి ఆడవి. నల్లగా మిగిలిన 40 మగవి. శనగలు దూడలు. మొత్తం మీద ఏవైనా 20 గింజలకి రెండు వైపులా గోళ్లరంగు చుక్క పెట్టండి, అవి ఎక్కడున్నాయో తెలిపే రేడియో కాలర్ మెడకి కట్టిన మూస్‌లు.

మొదటి పని లెక్కపెట్టడం. దీనికి ఒక పూట పూర్తిగా ఇవ్వండి, తొందరపడొద్దు. గింజలన్నీ చేటలో పోసి వేపాకు కలపండి. నేను మొదటిరోజు ఇంట్లో ఉన్నాయి కదా అని ఎండుమిర్చి తొడిమలు కలిపాను. ఒక పిల్లాడు అదే చేత్తో కళ్లు నులుముకుని చాలాసేపు ఏడ్చాడు. తొడిమలు వద్దు, వేపాకే వాడండి. చేట మీద తువ్వాలు కప్పి, పది సెకన్లు మాత్రం తీసి మళ్లీ కప్పేయండి. మొత్తం ఎన్ని గింజలు కనిపించాయి, వాటిలో చుక్కవి ఎన్ని అన్నది ఇద్దరు పిల్లలు పంచుకుని లెక్కపెట్టాలి. చేటలో ఎన్ని పోశారో వాళ్లకి చెప్పకండి.

ఒకసారి మావాళ్లకి 60 కనిపించాయి, చుక్కవి 12. చుక్కవి నిజానికి 20 ఉన్నాయని మనకి తెలుసు. అంటే పదింటికి ఆరే కంటపడుతున్నాయి. 60ని 0.6తో భాగిస్తే 100. అమెరికాలోనే మిన్నెసోటా రాష్ట్రంలో జనవరిలో మంచు మీద హెలికాప్టర్ తిప్పి చేసే లెక్క వెనక ఉన్న సూత్రం ఇదే. చెట్ల చాటున ఎన్ని తప్పిపోతున్నాయో కాలర్ కట్టిన జంతువుల్ని బట్టి తెలుసుకున్నారు.

ఇంకో ఇద్దరితో మళ్లీ చేయించండి, వేరే అంకె వస్తుంది. పిల్లలు "తప్పు చేశామా?" అని కంగారు పడతారు. తప్పు కాదని చెప్పండి. ఉప్పలపాడు చెరువు దగ్గర పెలికాన్లని లెక్కపెట్టమంటే నా విద్యార్థులు ఏ ఇద్దరూ ఒకే అంకె చెప్పిన రోజు లేదు. అడవి జంతువుల లెక్క ఎప్పుడూ "ఇంతకీ ఇంతకీ మధ్య" అనే ఉంటుంది. తర్వాత ట్యాగులు ఇచ్చేటప్పుడు చెయ్యి కాస్త బిగబట్టడానికి ఇదొక కారణం.

ఇప్పుడు ఒక ఏడాది తిప్పండి. మే నెల ఈతల కాలం, 30 శనగలు వేయండి. కార్ల కింద పడి, జబ్బుతో, ముసలితనంతో పెద్దవాటిలో 10 పోతాయి, తీసేయండి. చలికాలం మంచిగా గడిస్తే శనగల్లో 10 పోయి 20 మిగులుతాయి. 100లో 10 పోయి 20 కలిస్తే 110. ఆ పెరిగిన పదిలోంచే ట్యాగ్ పుడుతుంది. ఈ అంకెలు ఆట కోసం నేను పెట్టుకున్నవి, మీరు మార్చుకోవచ్చు.

పది పెరిగాయని పదీ ఇచ్చేయకూడదు. లెక్కలో పొరపాటుకి నాలుగు వదలండి. వేటలో ఆరు పోవచ్చు అనుకుంటే ట్యాగులు ఎనిమిది ఇవ్వాలి, ఎందుకంటే ట్యాగ్ ఉన్న ప్రతివాడికీ వేట దొరకదు. చీటీల మీద పిల్లల పేర్లు రాసి ఎనిమిది తీయండి. వచ్చినవాళ్లు రెండు గవ్వలు వేయాలి, రెండూ బోర్లా పడితే ఖాళీ చేతులతో తిరిగొచ్చినట్టు. ట్యాగ్ మీద ఏ ప్రాంతం, ఏ తేదీలు, మగదా ఆడదా అన్నీ రాసి ఉంటాయి. ఒక ట్యాగుకి ఒక్క జంతువే. కొట్టాక చెక్ స్టేషన్‌కి తెచ్చి చూపించాలి. అక్కడ పన్ను చూసి వయసు, అండాశయాలు చూసి ఈతల సంగతి రాసుకుంటారు. అలా ప్రతి ట్యాగూ వచ్చే ఏడాది లెక్కకి పనికొస్తుంది.

మగవా ఆడవా అన్నది రెండు రకాలుగా ఆడించి చూపండి. నల్లవి ఆరు తీస్తే వచ్చే వేసవిలో శనగలు తగ్గవు, మిగిలిన మగవి సరిపోతాయి. తెల్లవి ఆరు తీస్తే శనగలు మూడు తగ్గుతాయి, ఆ మరుసటి ఏడాదీ తగ్గుతాయి. మిన్నెసోటాలో వేట ఆపకముందు కొన్నేళ్లు మగవాటికే ట్యాగులిచ్చారు.

గింజల్ని పీట మీద పద్నాలుగు గుంటల్లో పంచేటప్పుడు సమానంగా పంచకండి. కొన్ని నిండుగా, కొన్ని దాదాపు ఖాళీగా ఉండాలి. ట్యాగులు నిండిన గుంటలకే. వెర్మాంట్ రాష్ట్రంలో 2020 నుంచి ఈశాన్య మూలనున్న ఒక్క ప్రాంతంలోనే ఇస్తున్నారు.

ఇక మా మనవరాలి ప్రశ్నకి అసలు జవాబు. ఏడాదిని మళ్లీ మొదట్నుంచి తిప్పండి, ఈసారి చెడ్డ చలికాలం. న్యూ హాంప్‌షైర్, మెయిన్ రాష్ట్రాల్లో 2014 నుంచి 2016 దాకా కాలర్లు కట్టి గమనించిన దూడల్లో 70 శాతం చనిపోయాయి. అంటే 30 శనగల్లో 21 తీసేయాలి. 100లో 10 పోయి 9 కలిస్తే 99. ఒక్క ట్యాగూ ఇవ్వలేదు, అయినా మంద తగ్గింది. ఇక్కడ పిల్లలు మాట్లాడకుండా పీట వైపు చూస్తారు. కాసేపు చూడనివ్వండి.

చంపింది గోమార్లు. మన గేదెల మీద నాలుగు కనిపిస్తేనే పీకి పారేస్తాం. ఒక్కో మూస్ మీద పదుల వేలుంటాయి. ఆకురాలే కాలంలో పిల్ల గోమార్లు మొక్కల చివరలకి ఎక్కి గుత్తులుగా కాచుకుంటాయి. దారినపోయే మూస్‌ని పట్టుకుని చలికాలమంతా దాని మీదే బతికి, మార్చి, ఏప్రిల్ నెలల్లో అన్నిటికన్నా ఎక్కువ రక్తం తాగుతాయి. ఏడాది నిండని దూడ అంత రక్తం పోతే తట్టుకోలేదు. మంచు ఆలస్యంగా పడితే గోమార్లకి కాచుకునే రోజులు పెరుగుతాయి.

ఆవాలు ఇప్పుడు తీయండి. గుంటలో ఎన్ని గింజలుంటే ఒక్కో గింజకీ అన్ని ఆవాలు పెట్టించండి. నాలుగు గింజల గుంటలో 16 ఆవాలు, పది గింజల గుంటలో 100. మంద ఎక్కడ కిక్కిరిసి ఉందో గోమారి అక్కడే చెలరేగుతుంది. మెయిన్‌లో 2021లో 4వ నంబర్ ప్రాంతాన్ని రెండుగా చేసి, ఒక సగంలో ఆడవాటికి ట్యాగులు పెంచింది ఇందుకే. మంద పలచబడితే మిగిలిన దూడలు గట్టిపడతాయేమో చూడాలని. అదే న్యూ హాంప్‌షైర్ 2007లో 675 ట్యాగులిచ్చి, మందలు చిక్కిపోయాక 50 చుట్టుపక్కలకి దించేసింది.

మిన్నెసోటా కథ వేరు, దాన్ని కలిపేయకండి. 2006లో సుమారు 8,800 ఉన్నవి 2013కి 2,800 దాకా పడిపోయాయి, ఆ ఏడాదే రాష్ట్రం వేట ఆపింది. అయినా పాత సంఖ్య తిరిగి రాలేదు. అక్కడ తెల్లతోక జింకలు మోసే మెదడు పురుగు నత్తల ద్వారా మూస్‌కి సోకుతుంది. జింకకి ఏమీ కాదు, మూస్ చనిపోతుంది. తోడేళ్లు దూడల్ని పట్టుకుంటాయి. మిగులే లేనప్పుడు ట్యాగులు ఆపడం న్యాయం. కానీ ట్యాగు ఆగితే పురుగు ఆగదు కదా.

"మన దగ్గరా లాటరీ ఉందా?" అని సందు పిల్లలు అడిగారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడు మనకి సరదా వేట లేదు. నాకూ వేట నచ్చదు, ఆ మాట పిల్లలకి దాచలేదు. కానీ చేపల వేట నిషేధం వల్ల నిజాంపట్నం బోట్లు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా కట్టేసి ఉండటం వాళ్లకి తెలుసు. అక్కడ రోజుల మీద హద్దు, ఇక్కడ తలల మీద హద్దు అని చెబితే పట్టుకున్నారు.

ఒక జాగ్రత్త. రెండో రోజు పిల్లలు మళ్లీ వంద గింజలు పోయబోతారు. పోయనివ్వకండి. నిన్న ఎన్ని మిగిలాయో గోడ మీద కాగితంలో రాయించి, ఈరోజు వాటితోనే మొదలుపెట్టించండి.