గొంతు వినబడకపోతే ముందు మ్యూజిక్ తగ్గించండి

ఆడియో ఎడిట్ చేసేటప్పుడు గొంతు సరిగా వినబడట్లేదని దాని వాల్యూమ్ పెంచుకుంటూ పోకండి, ముందు వెనకాల ఉన్న మ్యూజిక్ తగ్గించి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది. డిజిటల్‌లో 0 డీబీ (డెసిబెల్, శబ్దం లెవెల్ కొలత) అంటే పైకప్పు. ఫైల్ మామూలు 16 బిట్ వేవ్ (WAV) ఫైల్‌గా సేవ్ చేసినప్పుడు దాన్ని దాటిన శబ్దం పైన కోసేసినట్టయి బరబరలాడుతుంది, తర్వాత ఎంత తగ్గించినా ఆ బరబర పోదు. ట్రాకులన్నీ కలిసినప్పుడు లెవెల్ ఇంకా పెరుగుతుంది కదా, అచ్చం ఒకేలా ఉన్న రెండు ట్రాకులు కలిస్తేనే 6 డీబీ పెరుగుతుంది, అందుకే మాస్టర్ మీటర్‌లో (ట్రాకులన్నీ కలిసిన లెవెల్ చూపించేది) పెద్ద శబ్దాలు కూడా మైనస్ 6 దగ్గర ఆగేలా నేను చూసుకుంటాను.

ఎక్కడో ఒక్క మాట గట్టిగా పడిందా? దానికోసం ఫేడర్ (ట్రాక్ మొత్తం వాల్యూమ్ మార్చే స్లైడర్) కదపొద్దు. ఆ ముక్క వరకే కట్ చేసి క్లిప్ గెయిన్ (ఆ ముక్క ఒక్కదాని వాల్యూమ్) 3, 4 డీబీ తగ్గించండి. చాలా సాఫ్ట్‌వేర్లలో క్లిప్ గెయిన్ కంప్రెసర్‌కి (గట్టి శబ్దాల్ని తనంతట తానే తగ్గించే టూల్) ముందే పనిచేస్తుంది, ఫేడర్ మాత్రం కంప్రెసర్ తర్వాత పనిచేస్తుంది, కాబట్టి కంప్రెసర్ ఆ ఒక్క మాటకి అదిరిపడి గొంతుని నొక్కేయదు.

చివర్లో స్పీకర్ బాగా తగ్గించి ఒకసారి వినండి, అప్పుడు కూడా ప్రతి మాటా అర్థమవ్వాలి.