ఇన్‌కోనెల్, టైటానియం జాబ్‌లో ఇన్సర్ట్ నిలబడట్లేదా? పారేసే ముందు దాని అంచు చూడండి

బాలానగర్, జీడిమెట్ల వైపు చిన్న షాపులకి కూడా ఇప్పుడు ఏరోస్పేస్ జాబ్ వర్క్ వస్తోంది, కానీ ఎంఎస్, ఈఎన్8 లాంటి మామూలు స్టీల్ మీద చెయ్యి తిరిగిన టర్నర్ కూడా ఇన్‌కోనెల్ 718 (వేడిని తట్టుకునే నికెల్ మిశ్రమ లోహం) రాడ్ చక్‌లో బిగించగానే తల పట్టుకుంటాడు. ఇన్సర్ట్ (టూల్ చివర బిగించే, మార్చుకునే కోసే ముక్క) పోగానే కార్నర్ (ఇంకో కోసే మూల) తిప్పేసి మళ్లీ సైకిల్ స్టార్ట్ కొట్టేస్తే ఏం తెలీదు. పోయిన ఇన్సర్ట్‌ని 10ఎక్స్ లెన్స్ కింద పెట్టి ఎక్కడ అరిగిందో చూడండి, సగం జవాబు అక్కడే ఉంటుంది.

అంచు కింద పక్క అంతా ఒకేలా, తొందరగా అరిగిపోతోంది

కటింగ్ స్పీడ్ (జాబ్ ఉపరితలం టూల్ ముందు కదిలే వేగం) ఎక్కువైంది, వేరే డౌట్ అక్కర్లేదు. మామూలు కార్బన్ స్టీల్‌తో పోలిస్తే గ్రేడ్ 5 టైటానియం వేడిని ఏడో వంతు మాత్రమే లాగుతుంది, అందుకే చిప్‌తో బయటికి పోవాల్సిన వేడి అంతా టూల్ అంచు మీదే కూర్చుంటుంది. కార్బైడ్‌తో టర్నింగ్ అయితే ఇన్‌కోనెల్‌కి నిమిషానికి 30 మీటర్లు, టైటానియంకి 50 దగ్గర మొదలుపెట్టండి. 50 ఎంఎం డయాకి 30 మీటర్లంటే 190 ఆర్‌పీఎం చిల్లర, ఇంత నెమ్మదిగానా అని ఓనర్ మొహం చిట్లిస్తాడు, చిట్లించనివ్వండి, గంటకి నాలుగు కార్నర్లు మార్చే టైం లెక్క చూపిస్తే ఆయనే ఊరుకుంటాడు. అరుగుదల 0.3 ఎంఎంకి రాగానే కార్నర్ మార్చేయాలి, ఇంకో జాబ్ లాగుదాం అనుకుంటే అక్కడినుంచి అరుగుదల ఒక్కసారిగా పరిగెడుతుంది, జాబ్ కూడా స్క్రాప్ అవ్వొచ్చు.

అంచు అంతా బానే ఉంది, కట్ డెప్త్ ఆగే చోట మాత్రం గాడి పడింది

ఇన్‌కోనెల్‌లో ఎక్కువ ఏడిపించేది ఇదే. ఒక పాస్ కొట్టగానే జాబ్ పైపొర గట్టిపడిపోతుంది, తర్వాతి పాస్‌లో ఆ గట్టి పొర టూల్‌కి సరిగ్గా ఒకే చోట తగులుతూ ఉంటుంది, ఫోర్జింగ్ అయితే పైన నల్ల స్కేల్ కూడా తోడు. ప్రతి పాస్‌కీ 2 ఎంఎం అని ప్రోగ్రాం రాయకుండా ఒకసారి 2, ఒకసారి 1.6, ఒకసారి 1.8 అని మార్చండి, దెబ్బ ఒకే చోట పడదు. ఇంకా మంచి పద్ధతి ఏంటంటే సీఎన్‌ఎంజీ (80 డిగ్రీల మూల ఉన్న ఇన్సర్ట్) పక్కన పెట్టి 45 డిగ్రీల హోల్డర్‌లో ఎస్‌ఎన్‌ఎంజీ (చదరపు ఇన్సర్ట్) గానీ రౌండ్ ఇన్సర్ట్ గానీ వాడటం. చిప్ పల్చగా, వెడల్పుగా వస్తుంది, లోడ్ అంచు పొడవునా పంచుకుంటుంది, 45 డిగ్రీల్లో చిప్ మందం ఫీడ్‌లో (ఒక తిరుగుడుకి టూల్ ముందుకి జరిగే ఎంఎంలో) 0.7 వంతే కాబట్టి ఫీడ్ కాస్త పెంచుకోవచ్చు కూడా. సన్నటి షాఫ్ట్ అయితే మాత్రం ఈ రెండూ జాబ్‌ని పక్కకి నెట్టి చాటర్ (వణుకు) తెస్తాయి, చూసుకోండి.

ఫీడ్ తగ్గించినా ఇంకా తొందరగా పోతోంది

తగ్గించినందుకే పోతోంది! టూల్ పోతుంటే చెయ్యి ముందు ఫీడ్ ఓవర్‌రైడ్ మీదకే వెళ్తుంది, 0.05కి దించేస్తారు, అప్పుడు టూల్ కొయ్యదు, రుద్దుతుంది, రుద్దితే పొర ఇంకా గట్టిపడుతుంది, తర్వాతి తిరుగుడులో టూల్ ఆ గట్టి పొరలోనే నడవాలి. రఫింగ్‌లో (మెటల్ ఎక్కువగా తీసే మొదటి పాస్‌ల్లో) 0.15 నుంచి 0.25 మధ్య ఉంచండి. ఫినిషింగ్‌కి కూడా 0.05 ఎంఎం వదిలి ‘గీరేద్దాం’ అనుకోవద్దు, పావు ఎంఎం అయినా వదలండి. కట్ మధ్యలో ఫీడ్ హోల్డ్ (టూల్ కదలిక ఆపే బటన్) కొట్టి చూడటం అస్సలు వద్దు.

అంచుకి మెటల్ అంటుకుని, ఊడేటప్పుడు ముక్క లాక్కుపోతోంది

స్టీల్‌కి వాడే మందపు సీవీడీ కోటింగ్ ఇన్సర్టే ఇక్కడా పెట్టారేమో డబ్బా చూడండి, ఎస్ గ్రూప్ (వేడి తట్టుకునే మిశ్రమాలు, టైటానియం కోసం) అని ఉండాలి. పల్చటి పీవీడీ కోటింగ్, పదునైన అంచు కావాలి, టైటానియంకి కోటింగ్ లేని కార్బైడ్ కూడా బాగా పనిచేస్తుంది. తర్వాత కూలెంట్. ట్యాంక్ తగ్గినప్పుడల్లా ఉత్త నీళ్లు పోస్తూ పోతే అది పేరుకే కూలెంట్, రిఫ్రాక్టోమీటర్ (కూలెంట్ ఎంత శాతం కలిసిందో చూపే పరికరం) పెట్టి 8 నుంచి 10 శాతం ఉందో లేదో చూడండి, నాజిల్ హోల్డర్ మీదకి కాదు, సరిగ్గా కోసే అంచు మీదకి తిప్పండి. 70 బార్ ప్రెషర్ పంపు ఉన్న మెషిన్ అయితే తేడా మీకే తెలుస్తుంది.

అంచు చిట్లిపోతోంది

టూల్ బయటికి ఎక్కువ పొడుచుకొచ్చింది, లేదా సెంటర్ హైట్ తేడా, లేదా చక్ పట్టు సరిగ్గా లేదు. మిల్లింగ్‌లో అయితే క్లైంబ్ మిల్లింగే చెయ్యండి, చిప్ మందంగా మొదలై పల్చగా ముగియాలి.

సిరామిక్ ఇన్సర్ట్‌తో ఇన్‌కోనెల్ రఫింగ్ నిమిషానికి 200 మీటర్ల దాకా కొట్టొచ్చు కదా అని అడుగుతారు, కొట్టొచ్చు, మెషిన్‌లో ఆ పవర్, గట్టితనం ఉంటే. టైటానియం మీద మాత్రం వద్దు, టైటానియం ఆ సిరామిక్‌తో రియాక్ట్ అయిపోతుంది. ఇంకోటి, మొద్దుబారిన టూల్‌తో టైటానియం పల్చగా తీస్తే ఆ సన్న చిప్స్ అంటుకుని మండుతాయి, నీళ్లు పోస్తే మంట ఇంకా లేస్తుంది. మెషిన్ పక్కన ఒక బకెట్ పొడి ఇసుక గానీ డి క్లాస్ (లోహాల మంటలకి వాడే) ఎక్స్‌టింగ్విషర్ గానీ పెట్టుకుని, చిప్ ట్రే ఏ షిఫ్ట్‌కి ఆ షిఫ్ట్ ఖాళీ చేయించండి.