మన కేటలాగ్ మనమే, 6వ పాఠం: పాట వెతికితే పేట వచ్చింది

ఈసారి సార్టింగ్ చెప్తానన్నాను. అది వెనక్కి జరిగింది. ఐదో పాఠంలో సెర్చ్ బాక్స్ పెట్టుకున్నాక మీరు పంపిన ఫైళ్లు తెరిచి చూశాను. ముందు ఈ గొడవ తేల్చకుండా ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేం. ఒకరి కేటలాగ్‌లో "పాట" అని కొడితే బేగంపేట గురించిన పుస్తకం వచ్చింది. ఇంకొకరికి అమీర్‌పేటతో పాటు వరి పంటల పుస్తకం కూడా వచ్చింది. మరొకరు "హైదరాబాద్" అని కొడితే ఏమీ రాలేదు. ఆ లిస్టులో హైదరాబాద్ మీద పుస్తకాలు బోలెడు ఉన్నాయి, నేను కళ్లతో చూశాను.

దాదాపు అందరూ చేసిన పని ఒకటే కాబట్టి అందరికీ కలిపి చెప్తున్నా. ఫైలును తెలుగు అక్షరాలు చెడకుండా ఉంచే యూటీఎఫ్-8లో సేవ్ చేయడం, పేజీ పైన ఆ సంగతి రాయడం లాంటివి మళ్లీ చెప్పను. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత క్యాసెట్లు, ఇంట్లో ఉన్న తెలుగు పుస్తకాలు, అన్నీ ఒకే లిస్టులోకి ఎక్కించారనే అనుకుంటున్నా. ఇంగ్లిష్ పేర్లు ఇంగ్లిష్‌లో, తెలుగు పేర్లు తెలుగులో. ఆ కలగూరగంప లేకపోతే ఈ పాఠానికి అర్థమే లేదు.

పోయినసారి ఇచ్చిన హోంవర్క్ గుర్తుంది కదా? మోటర్‌హెడ్ ఇంగ్లిష్ పేరులో నాలుగో అక్షరం మీద రెండు చుక్కలుంటాయి. చుక్కలు లేకుండా టైప్ చేసినా ఆ బ్యాండ్ దొరకాలి. ఆ చుక్కలకు ఉచ్చారణతో పనేమీ లేదు, ఉత్త షోకు. బ్లూ ఆయిస్టర్ కల్ట్ పెట్టుకుంది, 1975లో పుట్టిన మోటర్‌హెడ్ పెట్టుకుంది, 1981లో వచ్చిన మాట్లీ క్రూ ఒక అక్షరం చాలదని రెండింటి మీద పెట్టుకుంది. 2011లో బెంగళూరులో మెటాలికా షో కోసం మన ఊరి నుంచి బస్సెక్కిన బ్యాచ్‌కు ఈ బాధ లేదు, మెటాలికా పేరు మీద చుక్కలు లేవు. లైబ్రరీ పద్ధతి ఏమిటంటే అట్ట మీద ఎలా ఉంటే అలాగే ఎక్కించాలి. వచ్చినవాడు మాత్రం తన కీబోర్డుతో ఎలా వస్తే అలా కొడతాడు. ఆ రెండింటినీ కలపాల్సింది మనమే. లైబ్రరీ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి టైమ్ కాపాడమంటుంది. చుక్కలు కొట్టమని పాఠకుడికి చెప్పే కేటలాగ్ ఆ సూత్రానికి సున్నం పెట్టినట్టే.

మీలో చాలామంది నెట్‌లో దొరికిన ఒక రెడీమేడ్ కోడ్ లైన్ తెచ్చి అతికించారు. అది రెండు పనులు చేస్తుంది. మొదట అక్షరాన్ని, దాని మీది చుక్కలను విడగొడుతుంది. తర్వాత "మార్క్" తరగతికి చెందినవన్నీ తీసేస్తుంది. మోటర్‌హెడ్ దొరికింది, పని అయిపోయిందనుకున్నారు.

యూనికోడ్ అంటే ప్రపంచ భాషల ప్రతి అక్షరానికీ, గుర్తుకూ ఒక నంబరు ఇచ్చే పట్టిక. దాని దృష్టిలో మార్క్ అంటే చుక్కలు మాత్రమే కాదు. మన గుణింతం మొత్తం ఆ తరగతిలోనే ఉంది. దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం, ఓత్వం, పొల్లు, సున్న, అన్నీ. "గిటార్" అనే మాట కంప్యూటర్ లోపల ఆరు నంబర్లు: 3095, 3135, 3103, 3134, 3120, 3149. వరసగా గ, గుడి, ట, దీర్ఘం, ర, పొల్లు. ఇందులో మార్కులు తీసేయమంటే రెండోది, నాలుగోది, ఆరోది పోతాయి. మిగిలేది "గటర". పాట, పేట, పీట, పూట, పంట, ఈ ఐదూ "పట" అయిపోతాయి. బేగంపేట "బగపట" అవుతుంది, అందులో "పట" ఉంది, కాబట్టి పాట వెతికినవాడికి బేగంపేట వస్తుంది. రాక్ "రక" అవుతుంది, రాకీ "రక" అవుతుంది, రేకు కూడా "రక" అవుతుంది. రాక్ సంగీతం కోసం వచ్చినవాడికి రేకుల షెడ్డు చూపిస్తున్నారన్నమాట. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే. రెండు చుక్కలు తీయబోయి మొత్తం తెలుగు గుణింతాన్ని తీసేశారు.

దీని మీద నాకెందుకింత చిరాకంటే, ఈ లైన్ రాసినవాడి కేటలాగ్‌లో తెలుగు లేదు, అతని దగ్గర అది బాగానే పనిచేసింది. మన దగ్గరా మొదట పనిచేసినట్టే కనిపిస్తుంది. "గిటార్" అని కొడితే గిటార్ పుస్తకం వస్తుంది కదా! రావాల్సింది వచ్చింది కాబట్టి టెస్ట్ పాసైనట్టే అనిపిస్తుంది. రాకూడనిది రావడం లేదా అన్నది ఎవరూ చూడరు. సెర్చ్ టెస్ట్ చేసేటప్పుడు నేను ముందు చూసేది రాకూడనివాటినే.

దీనికి తోబుట్టువు ఇంకో లైన్ ఉంది: "అక్షరాలు కానివన్నీ తీసెయ్". కామాలు, స్లాష్‌లు పోతాయని పెడతారు. గుణింతపు గుర్తులు ఆ లెక్కలో అక్షరాలు కావు, కాబట్టి ఫలితం మళ్లీ "గటర"నే. ఇంకా పాత పద్ధతిలో రాసిన లైన్ అయితే ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఏదీ అక్షరం కాదంటుంది. అప్పుడు తెలుగు పుస్తకాల పేర్లన్నీ ఖాళీ అయిపోతాయి. ఒకరి ఫైల్లో సరిగ్గా అదే జరిగింది. తెలుగులో ఏం వెతికినా పుస్తకాలన్నీ వస్తున్నాయని సంబరపడ్డారు కూడా. ఖాళీలో ఖాళీని వెతికితే దొరక్కేం?

సరే, తీయాల్సినవి ఏవి? నంబరు 768 నుంచి 879 వరకు ఉన్నవి మాత్రమే. ఇంగ్లిష్ తదితర భాషల అక్షరాల మీద కూర్చునే చుక్కలు, గీతలు ఆ గుంపులో ఉంటాయి. మోటర్‌హెడ్ చుక్కల జత నంబరు 776. తెలుగు 3072 నుంచి 3199 వరకు ఉంది, ఆ గుంపుకు ఆమడ దూరం. "మార్కులన్నీ" అని రాసిన చోట ఈ 768, 879 హద్దులు పెట్టండి. మార్పు అంతే.

మరి హైదరాబాద్ ఎందుకు మాయమైంది? వాళ్లు హద్దులు సరిగ్గానే పెట్టారు, విడగొట్టి వదిలేశారు. తెలుగులో ఇలా విడిపోయే గుర్తు ఒకటే ఉంది, ఐత్వం. మామూలుగా అది 3144 అనే ఒకే నంబరు. విడగొడితే 3142, 3158 అని రెండవుతుంది. తెర మీద రెండూ ఒకేలా "హై" అనే కనిపిస్తాయి. కేటలాగ్‌లో విడిపోయిన హైదరాబాద్ ఉంది, సెర్చ్ బాక్స్‌లో కొట్టినది విడిపోని హైదరాబాద్. కలవవు. చుక్కలు తీసేశాక మళ్లీ కలిపెయ్యాలి. విడగొట్టేది ఎన్‌ఎఫ్‌డీ, కలిపేది ఎన్‌ఎఫ్‌సీ. మన ఊరి పేరే ఇందులో ఇరుక్కుంటుంది కాబట్టి టెస్ట్‌కు వేరే మాట వెతుక్కోనక్కర్లేదు.

కంటికి కనిపించని ఇంకొకటి ఉంది, నంబరు 8204. "సాఫ్ట్‌వేర్" అని సరిగ్గా టైప్ చేస్తే పొల్లు తర్వాత అది కూర్చుంటుంది, లేకపోతే "సాఫ్ట్వేర్" అని ఒత్తు పడుతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయవు. "ట్రిమ్ చేశాం, పోలేదు" అన్నారు ఒకరు. ట్రిమ్ తీసేది చివర్లలోని ఖాళీలను, ఇది ఖాళీ కాదు. పేరుపెట్టి తీయాలి, పక్కనే ఉండే 8205ను కూడా.

ఇప్పుడు అసలు పద్ధతి. ప్రతి పేరుకూ రెండు గడులు ఉండాలి. ఒకటి చూపే గడి, అట్ట మీద ఉన్నట్టే, చుక్కలతో, 8204తో సహా. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. రెండోది వెతికే గడి, అది పాఠకుడికి కనిపించదు. దాన్ని తయారుచేసే ఫంక్షన్ ఒకటే ఉండాలి: విడగొట్టు, 768 నుంచి 879 తీసెయ్, కలుపు, 8204, 8205 తీసెయ్, అన్నీ చిన్న అక్షరాలు చెయ్, వరస ఖాళీలను ఒకటి చెయ్. పాఠకుడు కొట్టిన మాటను కూడా ఇదే ఫంక్షన్‌లోంచి పంపాలి. ఇదే అంటే ఇదే. అదే కోడును ఇంకోచోట కాపీ చేసి పెట్టుకుంటే నెల తిరక్కుండా రెండూ రెండు దారులు పడతాయి.

విరామ చిహ్నాలను తీసేయడానికీ అడ్డదారులొద్దు, ఒక్కొక్కటీ నంబరుతో రాయండి. ఏసీ/డీసీకి స్లాష్, అది 47. ఆర్.ఈ.ఎం.కు చుక్క, 46. గన్స్ ఎన్ రోజెస్‌కు అపాస్ట్రఫీ, అది తిన్నగా ఉంటే 39, వంకరగా ఉంటే 8217, రెండూ రాయండి. ఇంకా ఎన్నైనా ఉంటాయి, మీ లిస్టులో ఏది తగిలితే అది చేర్చుకుంటూ పోండి. నేను ఇవన్నీ చిన్న డేటాబేస్ అయిన ఎస్‌క్యూలైట్‌లో ఒక టేబుల్‌గా పెట్టుకుంటాను. దానికి సర్వర్ అక్కర్లేదు, మొత్తం ఒక్క ఫైలు, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చు. పెద్ద డేటాబేస్ కావాలనేవాళ్లను ఆపను, కానీ నన్ను సాయం అడగొద్దు.

స్ప్రెడ్‌షీట్ వాడుతున్నవాళ్లకు ఒక మాట. లైబ్రరీల్లో పుస్తకాలకు సబ్జెక్టును బట్టి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో ప్రోగ్రామింగ్ 005, రాక్ సంగీతం 781.66. నా రెండు పిచ్చులకూ అలమారాలో చోటుందని సంతోషిస్తుంటే, మీ షీట్ 005.133ను 5.133 చేసి పెట్టింది. ఆ గడిని టెక్స్ట్ అని ముందే ప్రకటించండి. యెస్ బ్యాండ్ 1983 ఆల్బమ్ పేరు 90125. ఆల్బమ్ కేటలాగ్ నంబరునే పేరుగా పెట్టుకున్న బ్యాండ్ మీద లైబ్రరీవాళ్లకు ప్రత్యేక అభిమానం ఉండాలి. దాన్ని కూడా షీట్ అంకె అనుకుని కుడివైపుకు నెట్టేస్తుంది. పేరు ఎప్పుడూ టెక్స్టే.

అభ్యాసం. యాభై వరసలు కావాలి, సగం తెలుగు. తగ్గితే పంపొద్దు.

మొదట కలవాల్సినవి: చుక్కలున్న మోటర్‌హెడ్, లేని మోటర్‌హెడ్. 246 నంబరుతో ఒకే అక్షరంగా ఉన్న చుక్కల అక్షరం, 111 తర్వాత 776 పెట్టి రాసినది. పాత మాక్ నుంచి ఫైలు పేర్లు కాపీ చేస్తే రెండో రకం మీకు తేరగా దొరుకుతుంది. సాఫ్ట్‌వేర్, సాఫ్ట్వేర్. విడిపోయిన హైదరాబాద్, విడిపోని హైదరాబాద్.

తర్వాత కలవకూడనివి: పాట, పేట, పీట, పూట, పంట. కాలు, కలం, కాలం. వీటికి తోడు మీ సొంతవి ఇంకో పది గుంపులు. ఇక్కడ ఒక్కటి కలిసినా ఫంక్షన్‌ను మొదటినుంచీ మళ్లీ రాయండి, అతుకులు వేయొద్దు.

ఆఖరున, ఇంటిపేరుతో సహా మీ పేరును కాగితం మీద నంబర్లుగా రాయండి. కంప్యూటర్‌ను అడక్కుండా, యూనికోడ్ పట్టిక ముందు పెట్టుకుని. ఎక్కడ 8204 పడుతుందో, ఎక్కడ పడనక్కర్లేదో గుర్తుపెట్టండి. పేరులో ఐత్వం ఉన్నవాళ్లు రెండు రకాలుగానూ రాయాలి.

సార్టింగ్ వచ్చేసారి. దానికి మూడో గడి కావాలి, ఇప్పుడే ఖాళీగా పెట్టి ఉంచండి. పేరు ముందుండే ఇంగ్లిష్ "ది"ని తీసేసి వరసలో పెట్టడం దాని పని. "ది ది" అనే పేరుతో నిజంగానే ఒక బ్రిటిష్ బ్యాండ్ ఉంది. ఉన్న "ది"లన్నీ తీసేసే ఫంక్షన్ రాసుకుని రాకండి.