ఉద్యోగం మానకుండా టెక్నాలజీ మేనేజ్‌మెంట్‌లో పీజీ: శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఎలా చేయాలి?

పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లోనో, గరివిడి, బొబ్బిలి ఫ్యాక్టరీల్లోనో ఏడెనిమిదేళ్లు పనిచేస్తే రియాక్టరు, పంపు, ప్యానెల్ బోర్డు అన్నీ చేతికి వచ్చేస్తాయి. కొత్త మెషిన్ కొంటే డబ్బు ఎన్నేళ్లలో తిరిగొస్తుందో లెక్కకట్టి చూపించడం, ఏడాది బడ్జెట్ వేయడం మాత్రం ఎవరూ నేర్పరు. ఆ లోటు తీర్చేదే ఈ చదువు. ఫీజు కట్టాక చేసే పనికంటే కట్టే ముందు చూసుకోవాల్సిందే ఎక్కువ.

మొదట, డిగ్రీ చెల్లుతుందా చూడండి

యూజీసీ దూరవిద్యా విభాగం (డీఈబీ) వెబ్‌సైట్లో మీరు చేరబోయే సెషన్‌ జాబితా తెరవండి. యూనివర్సిటీ పేరుతో పాటు కోర్సు పేరు కూడా అందులో ఉండాలి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే చేరవద్దు. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం ఇంజినీరింగ్ డిగ్రీలను ఆన్‌లైన్‌లో నడపకూడదు. అందుకే ఇక్కడ ఈ సబ్జెక్టు ఎక్కువగా ఎంబీఏలో ఆపరేషన్స్, ప్రాజెక్ట్ లేదా టెక్నాలజీ మేనేజ్‌మెంట్ స్పెషలైజేషన్‌గా దొరుకుతుంది. ‘ఎగ్జిక్యూటివ్ సర్టిఫికెట్’ ఎంత ఖరీదైనా డిగ్రీ కాదు.

విదేశీ యూనివర్సిటీ వైపు మనసుంటే రెండు విషయాలు. యూజీసీ 2025లో తెచ్చిన నిబంధనలు తత్సమాన గుర్తింపును (ఇక్కడి డిగ్రీతో సమానమన్న గుర్తింపును) తరగతి గదిలో చదివిన డిగ్రీలకే ఇస్తాయి. ప్రభుత్వ ఉద్యోగమో, ఇక్కడ పీహెచ్‌డీయో అనుకునేవాళ్లకు ఆన్‌లైన్ డిగ్రీ అక్కరకు రాదు. ఇక క్లాసు వేళలు: న్యూయార్క్‌లో సాయంత్రం 6 గంటల క్లాసు మనకు తెల్లవారుజామున 3.30కి. నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారం మారాక అదే 4.30 అవుతుంది.

కాగితాల్లో పేరు సరిచేయండి

డీఈబీ జాబితాలోని కోర్సుల్లో చేరాలంటే డీఈబీ ఐడీ కావాలి, దానికి ముందు చదువులో వచ్చిన క్రెడిట్లను దాచే ఖాతా, అంటే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (ఏబీసీ) ఐడీ. అది డిజిలాకర్ ద్వారా ఆధార్‌తో వస్తుంది. మనవాళ్లకు చిక్కు ఇక్కడే: పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. అడ్మిషన్ల గడువు దగ్గరపడ్డాక సవరణకు పరుగెత్తకుండా, నెల ముందే ఆధార్ కేంద్రానికి వెళ్లండి. ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), ప్రొవిజనల్, మార్కుల మెమోలన్నీ స్కాన్ చేసి పెట్టుకోండి. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఏర్పడింది 2022లో. అంతకు ముందే జేఎన్‌టీయూ కాకినాడ కింద పాసైనవాళ్లు ట్రాన్స్‌క్రిప్టు (అన్ని సెమిస్టర్ల మార్కుల అధికారిక పత్రం) కూడా కాకినాడలోనే అడగాలి.

గంటలు లెక్కవేసి పేపర్లు తీసుకోండి

ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్‌కు 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపరుకు 120 గంటలు, అంటే 20 వారాల సెమిస్టర్‌లో వారానికి 6 గంటలు. రెండు పేపర్లకు 12, నాలుగింటికి 24. షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లకు 12 మించితే కష్టం. సెమిస్టర్‌కు నాలుగైదు పేపర్లు తప్పనిసరి అన్న కోర్సుకు పార్ట్ టైమ్ అని పేరున్నా, పని ఫుల్ టైమ్‌దే. గరిష్ఠ గడువు ఎన్నేళ్లో, అదనపు సెమిస్టర్‌కు ఎంత కట్టాలో రాతపూర్వకంగా తీసుకోండి.

సీ షిఫ్టు వారంలో కొత్త పాఠం పెట్టుకోకండి. నైట్ డ్యూటీ దిగాక బుర్రకెక్కదు, అసైన్‌మెంటు దిద్దుకోవడానికైతే సరిపోతుంది. కొత్త చాప్టర్లు ఉదయం షిఫ్టు (ఎ షిఫ్టు) వారానికి, సాయంత్రాలకు ఉంచండి.

తట్టుకోగలమా అన్న అనుమానం ఉంటే ముందు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో 12 వారాల మేనేజ్‌మెంట్ కోర్సు ఒకటి చేయండి. చదువు ఉచితం, పరీక్షకే ఫీజు. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. వారం వారం గడువులు అందుకోగలిగితే పీజీలోనూ నెగ్గుకొస్తారు.

కరెంటు, నెట్, పరీక్ష

తుపానుల కాలం, సెమిస్టర్ పరీక్షలు తరచూ ఒకేసారి వస్తాయి. హుద్‌హుద్ 2014 అక్టోబరులో, తిత్లీ 2018 అక్టోబరులో ఈ ప్రాంతాన్ని కుదిపేశాయి. రౌటరుకు మినీ యూపీఎస్ పెట్టండి. కొనేముందు అడాప్టరు మీద వోల్టులు, ఆంపియర్లు చదవండి: రౌటరు 12 వోల్టులు అడిగితే యూపీఎస్ కూడా 12 వోల్టులే ఇవ్వాలి, ఆంపియర్లు రౌటరు అడిగినదానికి తగ్గకూడదు. ఫైబర్ కనెక్షన్‌లో గోడ మీద వేరే పెట్టె ఉంటే దానికీ బ్యాకప్ కావాలి. లేదంటే రౌటరు వెలుగుతూనే ఉంటుంది, నెట్ మాత్రం రాదు.

కంపెనీ లాప్‌టాప్ మీద పరీక్ష రాయాలనుకోవద్దు. ఆన్‌లైన్ పరీక్షలో కాపీ కొట్టకుండా చూసే నిఘా సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే అనుమతి అందులో సాధారణంగా ఉండదు. ఆ సంగతి పరీక్షకు పది నిమిషాల ముందు తెలుస్తుంది.

ప్రాజెక్టు మీ ప్లాంటులోనే వెతకండి

ఈ చదువు నిజంగా పనికొచ్చేది ఇక్కడ. ఉదాహరణకు రియాక్టర్‌లో ఒక ప్రొడక్టు బ్యాచ్ దించాక ఇంకో ప్రొడక్టు ఎక్కించేదాకా పట్టే సమయం తీసుకోండి. గత 30 మార్పిళ్ల లాగ్‌బుక్ తెరిచి, ఆ గంటలను మూడు ముక్కలు చేయండి: కడగడం, స్వాబ్ (కడిగాక పాత ప్రొడక్టు అవశేషం ఉందేమో చూసేందుకు తుడిచి తీసే నమూనా) ఫలితం కోసం క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్ దగ్గర నిరీక్షణ, క్యూఏ (నాణ్యత హామీ విభాగం) సంతకం. సమయం ఎక్కడ పోతోందో అంకెల్లో కనిపిస్తుంది. నిరీక్షణే పెద్దదని తేలితే కొత్త రియాక్టర్ కొనడం పరిష్కారం కాదు, స్వాబ్‌లు ల్యాబ్‌కు చేరే వేళలు మార్చాలి.

డేటా కంపెనీది. ప్రొడక్టు పేర్లకు బదులు ఏ, బీ అని రాసి, బ్యాచ్ నంబర్లు తీసేసి, హెచ్‌ఆర్, క్యూఏ రెండింటి నుంచీ అనుమతి లేఖ తీసుకోండి. ప్రాజెక్టు చివరి సెమిస్టర్‌లో ఉన్నా, ఈ లేఖ కోసం ఆర్నెల్ల ముందే అడగండి. ఆడిట్ దగ్గరపడితే ఈ ఫైలు ఎవరూ ముట్టుకోరు.